పంపకాలు లేకుండా ఎన్నికల ప్రచారం: నామినేషన్‌కు ముందు నుంచి లెక్కలు అప్పజెప్పే దాకా

"పోటీ చేద్దామనుకుంటున్నాం. డబ్బు పంచం, ఎవరినీ తిట్టం. కానీ అలా నడపడం ఎలాగో చెప్పేవారే లేరు." ఇచ్ఛాపురం నుంచి రాజాం దాకా యువకులు, మహిళా సంఘాల వారు, రిటైరైన మాస్టార్లు ఈ మాట పదేపదే అడుగుతున్నారు. శ్రీకాకుళం జిల్లాలో మూడు శాసనసభ ఎన్నికల్లో ప్రచార బృందాలకు ఖర్చుల లెక్క రాశాను. ఆ అనుభవంలో పనికొచ్చినవి వరుసగా చెబుతున్నాను.

నిజాయితీగా మొదలైన ప్రచారాలు దుర్బుద్ధితో చెడిపోవడం నేను పెద్దగా చూడలేదు. చివరి మూడు రాత్రుల భయంతో చెడిపోవడం చూశాను. అవతలివారు కవర్లు పంచుతున్నారన్న కబురు రాగానే, అప్పటిదాకా ఊరూరా చెప్పిందంతా పక్కన పెట్టి పొలం తాకట్టుకు పరుగెత్తినవారున్నారు. ఆ రాత్రులకు మొదటి రోజే సిద్ధపడాలి. కింద చెప్పే ఏర్పాట్లలో సగం దానికోసమే.

ఇది శాసనసభ అభ్యర్థిని దృష్టిలో పెట్టుకుని రాసింది. పంచాయతీ, మండల, జిల్లా పరిషత్తు ఎన్నికలను రాష్ట్ర ఎన్నికల సంఘం నడుపుతుంది. వాటి ఖర్చు పరిమితులు, ఫారాలు వేరు. పని చేసే పద్ధతి మాత్రం ఇదే.

## 1. నామినేషన్‌కు నెల ముందు: ఒక కాగితం రాసుకోండి

అభ్యర్థి, కుటుంబ సభ్యులు, ముఖ్యమైన పది పదిహేను మంది కార్యకర్తలు ఒకచోట కూర్చోండి. ఏం చేస్తామో కాదు, ఏం చేయమో రాయండి. ఒక్క పేజీ చాలు. అందరూ సంతకం చేయండి.

కుటుంబం తప్పనిసరిగా ఉండాలి. ప్రచారాల్లో ఎక్కువ తప్పులు బావమరుదులు, చిన్నాన్నల వల్ల జరుగుతాయి. వారికి అభ్యర్థి మీద ప్రేమ ఎక్కువ, చట్టం మీద అవగాహన తక్కువ. అభ్యర్థికి తెలిసి, ఆయన అనుమతితో బంధువు పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి లెక్కలోకే వస్తుందని ఆ రోజే చెప్పండి.

కాగితంలో ఉండవలసినవి:

- డబ్బు, మద్యం, చీరలు, టోకెన్లు పంచం. ఊరి గుడికో, సామాజిక భవనానికో ఎన్నికల వేళ విరాళం ఇవ్వం.
- ప్రత్యర్థి కుటుంబం గురించి, వ్యక్తిగత జీవితం గురించి మాట్లాడం.
- దేవుడి మీద, పిల్లల మీద ఎవరితోనూ ప్రమాణం చేయించం.
- పిల్లలను ప్రచారానికి తీసుకురాం. జెండా కూడా పట్టించం.
- డబ్బు ఒక్కరి చేతి మీదుగానే కదులుతుంది. ఆ ఒక్కరు అభ్యర్థి కాకూడదు.
- చివరి మూడు రోజుల్లో ఈ కాగితాన్ని ఎవరూ మార్చలేరు.

చివరి వాక్యాన్ని పెద్ద అక్షరాలతో రాయండి. కాగితాన్ని ఖజానా చూసే మనిషి దగ్గర ఉంచండి.

తర్వాత నాలుగు బాధ్యతలు నలుగురికి అప్పగించండి: ఎన్నికల ఏజెంట్, ఖజానా, అనుమతులు, ఫిర్యాదులు. ఒకే మనిషికి రెండు ఇవ్వకండి. అనుమతుల కోసం కార్యాలయాల చుట్టూ తిరిగే మనిషి సాయంత్రానికి లెక్క రాయలేడు.

నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌ను చివరి రోజు హడావుడిలో నింపకండి. ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ అందులో ఉంటాయి. ఏ గడినీ ఖాళీగా వదలకూడదు. లేనిచోట "లేదు" అనో "వర్తించదు" అనో రాయాలి. ఖాళీలు నింపమని అధికారి చెప్పినా నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చు. నిజం దాస్తే అది వేరే నేరం. అభ్యర్థి మీద క్రిమినల్ కేసులుంటే, ఉపసంహరణ గడువు తర్వాత మూడుసార్లు పత్రికల్లో, టీవీలో ప్రకటించాలి. ఆ ఖర్చుకు ముందే లెక్క వేసుకోండి.

## 2. డబ్బు: ఖాతా, రిజిస్టరు, టీ దుకాణం

శాసనసభ అభ్యర్థి ఖర్చు పరిమితి మన రాష్ట్రంలో 40 లక్షల రూపాయలు, లోక్‌సభకు 95 లక్షలు. 2022లో పెంచిన అంకెలివి. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల కోసమే ప్రత్యేకంగా బ్యాంకు ఖాతా తెరవాలి. సొంత డబ్బైనా, పార్టీ ఇచ్చినదైనా, అభిమానులిచ్చినదైనా ఆ ఖాతాలో పడి అక్కడి నుంచే బయటికి రావాలి. ఒక వ్యక్తికి లేదా సంస్థకు 10,000 రూపాయలకు మించి నగదు ఇవ్వకూడదు. మించితే చెక్కు లేదా బ్యాంకు బదిలీ. విరాళం తీసుకునేటప్పుడూ ఇదే హద్దు.

నామినేషన్ వేసినప్పుడు రిటర్నింగ్ అధికారి కార్యాలయం నుంచి ఒక రిజిస్టరు ఇస్తారు. తెల్ల పేజీల్లో రోజువారీ ఖర్చు, గులాబీ పేజీల్లో నగదు, పసుపు పేజీల్లో బ్యాంకు లావాదేవీలు రాయాలి. ప్రచార కాలంలో కనీసం మూడుసార్లు దాన్ని తనిఖీకి తీసుకెళ్ళాలి. వీడియో బృందాలు మీ సభలను చిత్రీకరించి, కుర్చీలు, టెంట్లు, వాహనాలు లెక్కపెట్టి, తమ వైపు మరో రిజిస్టరు నడుపుతాయి. మీరు రెండు వందల కుర్చీలని రాసి, వారి వీడియోలో ఎనిమిది వందలు కనబడితే ఆ తేడా మీ లెక్కకు చేరుతుంది.

కుర్చీ అద్దె ఎంత, భోజనం ఎంత, ఫ్లెక్సీ చదరపు అడుగు ఎంత అన్నది జిల్లా ఎన్నికల అధికారి పార్టీలతో మాట్లాడి పట్టికగా ప్రకటిస్తారు. ఆ పట్టిక నకలు తెచ్చి ఖజానా గదిలో గోడకు అతికించండి. బేరం చేసేటప్పుడు పనికొస్తుంది.

పెద్ద ఖర్చులు ఎవరూ మరచిపోరు. లెక్క తప్పేది చిల్లర దగ్గర. ఒక ఎన్నికలో నరసన్నపేట వైపు ఒక ఊళ్ళో ప్రచారం పన్నెండో రోజున టీ దుకాణం ఆయన అరచేతిలో పట్టేంత నోటు పుస్తకంతో మా దగ్గరికి వచ్చాడు. పైన మా అభ్యర్థి పేరు. కింద పేజీ నిండా గీతలు: నాలుగు నిలువు, వాటి మీద ఒక అడ్డం, మళ్ళీ నాలుగు నిలువు. పదకొండు రోజుల టీలు. మొత్తం 6,840 రూపాయలు. తాగమని చెప్పింది ఎవరో, తాగింది ఎవరో మాలో ఒక్కరికీ తెలియదు. ఆయన అబద్ధం చెప్పలేదు, కప్పులు నిజంగానే ఖాళీ అయ్యాయి. ఆ మొత్తాన్ని ఏ తేదీ కింద రాయాలో తెలియక రెండు రోజులు తల పట్టుకున్నాను.

మరుసటి రోజు నుంచి చీటీల పద్ధతి పెట్టాం. ప్రతి మండలానికి ఒక్కరే చీటీ మీద సంతకం చేస్తారు. చీటీ లేని టీకి, టిఫినుకు, పెట్రోలుకు డబ్బు ఇవ్వబోమని మొదటి రోజే దుకాణదారులందరికీ చెప్పాలి. దుకాణదారు నొచ్చుకోడు. ఎన్నికల బాకీలు వసూలు కాక నష్టపోయేది చివరికి అతనే కదా, స్పష్టమైన మాట చెప్పినవారినే ఇష్టపడతాడు.

రోజూ రాత్రి తొమ్మిదికి చూసుకోవలసినవి:

- ఈ రోజు చీటీలన్నీ వచ్చాయా? రానివి ఎవరి దగ్గర ఉన్నాయి?
- ప్రతి బిల్లు మీద తేదీ, సంతకం, దుకాణం పేరు ఉన్నాయా?
- చేతిలో ఉన్న నగదు గులాబీ పేజీతో సరిపోయిందా?
- పార్టీ పెద్ద నాయకుడి సభ జరిగిందా? ఆ వేదిక మీద అభ్యర్థి ఉంటే, లేదా అభ్యర్థి బొమ్మ పెడితే, సభ ఖర్చులో వాటా మన లెక్కలో రాశామా?
- రేపు బయటికి తీసుకెళ్ళే నగదు 50,000 లోపే ఉందా? దానికి కాగితం ఉందా? ఆ హద్దు దాటి సరైన ఆధారం లేకపోతే తనిఖీ బృందాలు స్వాధీనం చేసుకుంటాయి.

## 3. అనుమతులు, అచ్చు, మైకు

ఇది తలనొప్పి లేని భాగం, సమయానికి అడిగితే చాలు.

- సభ, ఊరేగింపు, ప్రచార వాహనం, మైకు: అన్నింటికీ ఎన్నికల సంఘం వారి సువిధ యాప్‌లో గానీ, రిటర్నింగ్ అధికారి కార్యాలయంలో గానీ ముందుగా అనుమతి. వాహనం అద్దం మీద అసలు పత్రం కనబడాలి.
- రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు వద్దు.
- కరపత్రం, పోస్టరు, ఫ్లెక్సీ ఏదైనా ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండాలి. ఎన్ని ప్రతులో కూడా వేయించండి. ప్రెస్సువారికి సంతకం చేసిన డిక్లరేషన్ ఇవ్వాలి.
- ప్రైవేటు గోడ, ప్రహరీ, మేడ వాడుకోవాలంటే యజమాని రాతపూర్వక అంగీకారం. "మనవాడే" అనుకుని జెండా కట్టకండి.
- టీవీ, రేడియో, సోషల్ మీడియా ప్రకటనలకు, ఒకేసారి వేల మందికి పంపే సందేశాలకు జిల్లా మీడియా కమిటీ ముందస్తు ధ్రువీకరణ కావాలి.
- నామినేషన్ రోజు కార్యాలయానికి 100 మీటర్ల లోపు మూడు వాహనాలు, గదిలోకి అభ్యర్థితో కలిపి ఐదుగురు.

## 4. గడప దగ్గర ఏం మాట్లాడాలి

మన జిల్లాల్లో శాసనసభ ఎన్నికలు సాధారణంగా ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. పలాస, మందస, సోంపేట వైపు అది జీడిపిక్కలు ఏరే కాలం. తెల్లవారగానే తోటలకు వెళ్ళిపోతారు. ఉదయం తొమ్మిదికి మేళతాళాలతో వెళితే వీధిలో ముసలివారు, పిల్లలు తప్ప ఎవరూ ఉండరు. ఆరింటికి ముందే వెళ్ళండి, లేదా సాయంత్రం ఐదు తర్వాత. ఉపాధి హామీ పని జరుగుతున్న చోటికి వెళ్ళి ప్రచారం చేయకండి. అక్కడున్నవారు మీ మాట వినక తప్పని స్థితిలో ఉంటారు. పని ముగించుకుని ఇంటికి వచ్చాక కలవండి.

ముందు వినండి. ఒక్కో బృందానికి ఒక నోటు పుస్తకం ఇచ్చి, ఇంటివారు చెప్పిన మొదటి సమస్యను వారి మాటల్లోనే రాయించండి.

హామీ ఇచ్చే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎమ్మెల్యే చేతిలో ఉన్న పనేనా? డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఇప్పటికే ఎంత జరిగింది?

మూడో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. ఉద్దానం సంగతే తీసుకోండి. కిడ్నీ జబ్బు బాధ అక్కడ ప్రతి ఊరికీ తెలుసు కాబట్టి, "ఉద్దానానికి ఎవరూ ఏమీ చేయలేదు" అనే మాటకు చప్పట్లు సులువుగా పడతాయి. కానీ హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తెచ్చే పథకం, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఏమీ జరగలేదనడం అబద్ధం. అంతా బాగుందనడమూ తొందరపాటే. ఏ ఊళ్ళో కొళాయి ఎన్ని రోజులకొకసారి వస్తోందో మీ బృందం తిరిగి రాసుకుని, ఆ పట్టికతో మాట్లాడండి. పాలకపక్షమైనా ప్రతిపక్షమైనా ఆ పట్టికను కాదనలేరు. భోగాపురం విమానాశ్రయం, వంశధార నిర్వాసితులు, మూతపడిన జూట్ మిల్లులు, ఏ అంశమైనా ఇదే పద్ధతి.

ప్రత్యర్థిని విమర్శించండి, గట్టిగానే విమర్శించండి. ఆయన చేసిన పని మీద, వేసిన ఓటు మీద, ఇచ్చి తప్పిన మాట మీద. ఆయన వ్యక్తిత్వం గురించి అబద్ధమని తెలిసి ప్రచారం చేస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అది అవినీతి చర్య. గెలిచిన ఎన్నిక కూడా రద్దు కావచ్చు.

ఇచ్ఛాపురం సరిహద్దు ఊళ్ళలో ఒడియాలో, మెళియాపుట్టి కొండల్లో సవరలో మాట్లాడగలిగిన కార్యకర్తను వెంట తీసుకెళ్ళండి. అర్థంకాని భాషలో ఇచ్చిన హామీని తర్వాత ఎవరైనా ఎలాగైనా మార్చి చెప్పగలరు.

## 5. "వాళ్ళు ఇచ్చారు, మీరెంత?"

ఈ ప్రశ్న వస్తుంది. మొదటి వారంలోనే వస్తుంది. సమాధానం అభ్యసించకుండా కార్యకర్తను వీధిలోకి పంపకండి.

అడిగినవారి మీద కోపం వద్దు. తీర ప్రాంతపు ఊళ్ళ సంగతి చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో చేపల వేట నిషేధం. పడవలు ఒడ్డున ఉంటాయి, వలలు అటక మీద ఉంటాయి, సంపాదన ఉండదు. సరిగ్గా అప్పుడే ఎన్నికలు వస్తే, గుమ్మంలో ఎవరో రెండు వేల రూపాయలు పెట్టి వెళితే ఆ ఇంటావిడ వాటిని వీధిలోకి విసిరేయాలని చెప్పే అర్హత, కడుపు నిండినవారికి అంత సులువుగా రాదు.

ఒకసారి ఎచ్చెర్ల వైపు ఒక మత్స్యకారుల వీధిలో అరవై దాటిన ఆమె మా కుర్రాడిని అరుగు మీద కూర్చోబెట్టి అడిగింది: "బాబూ, నువ్వు మంచోడివే. మీ ఆయన ఎంత ఇస్తాడు?" కుర్రాడు నీళ్ళు నమిలాడు. తర్వాత నెమ్మదిగా, "ఏమీ ఇవ్వడమ్మా. ఇవ్వడానికి లేక కాదు, ఇస్తే గెలిచాక రాబట్టుకోవాలి కదా" అన్నాడు. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే రేషను బండి మా వీధి చివరికి ఎందుకు రాదో కనుక్కుని చెప్పు" అంది. మరుసటి రోజు వాడు కనుక్కుని వెళ్ళి చెప్పాడు. ఆమె ఎవరికి ఓటు వేసిందో మాకు తెలియదు, తెలుసుకోవాలని అనుకోలేదు. ఆ వీధిలో మా కరపత్రాలు మాత్రం ఎవరూ చింపలేదు.

ఆ కుర్రాడి సమాధానంలో మూడు మెట్లున్నాయి: ఇవ్వబోమని తిన్నగా చెప్పడం, కారణం ఒక్క వాక్యంలో చెప్పడం, ఆ ఇంటి పని ఒకటి అడిగి తెలుసుకుని తిరిగి వెళ్ళడం. మూడో మెట్టు లేకపోతే మొదటి రెండూ ఉపన్యాసంలా వినబడతాయి.

ఇక్కడ తరచుగా జరిగే తప్పులు:

"వాళ్ళ దగ్గర తీసుకోండి, మాకు వేయండి" అనడం. వినడానికి బాగుంటుంది, సభల్లో నవ్వులు వస్తాయి. కానీ ఓటు కోసం డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షన్ కింద లంచమే. శిక్ష ఏడాది వరకు. నేరం చేయమని మీరు సలహా ఇస్తున్నట్టు అవుతుంది. పైగా రేపు గెలిస్తే మీ మాట ఎవరు నమ్మాలి?

ఊరంతటికీ గంపగుత్తగా బేరం. మనిషికి ఇవ్వకుండా పెద్దల చేతికి రామమందిరం కోసమో, కల్యాణ మండపం కోసమో లక్షలు ఇవ్వడం. ఇదీ లంచమే. ఇందులో ఇంకో అన్యాయం ఉంది: పెద్దలు మాట ఇచ్చేశారు కాబట్టి కూలి మనిషికి, కోడలికి తన ఓటు తనదన్న సంగతే లేకుండా పోతుంది. పెద్దలు అడిగితే, "నిధి మంజూరుకు గెలిచినా ఓడినా మీతో కలిసి అర్జీ పెడతాను, సొంత డబ్బు ఇవ్వను" అని అందరి ముందు చెప్పండి. చాటుగా చెప్పకండి. చాటుగా చెప్పిన మాటను బేరంగానే అర్థం చేసుకుంటారు.

కూలికి జనాన్ని తేవడం. మనిషికి ఇంత, బిర్యానీ పొట్లం. సభ నిండుగా కనబడుతుంది, ఖర్చు లెక్కకెక్కుతుంది, మాట వినేవారు ఉండరు. యాభై మంది తమంతట తాము వచ్చిన రచ్చబండ నాకు ఎప్పుడూ మేలు.

మరొక భయాన్ని కూడా తీర్చాలి. డబ్బు తీసుకున్నవారిలో చాలామంది "ఎవరికి వేశామో వాళ్ళకు తెలిసిపోతుంది" అని భయపడతారు. మీట నొక్కాక పక్కనున్న యంత్రంలో చీటీ ఏడు సెకన్లు మాత్రమే కనబడి పెట్టెలో పడిపోతుందని, దాని మీద ఓటరు పేరు ఉండదని ఇంటింటా చెప్పండి.

## 6. గుడి, కులం, ప్రమాణం

అభ్యర్థి అరసవల్లి వెళ్ళి సూర్యనారాయణ స్వామికి మొక్కుకోవచ్చు, విజయనగరంలో పైడితల్లిని దర్శించుకోవచ్చు. భక్తి ఆయన సొంతం. గుడి ఆవరణలో ఓటు అడగడం, కరపత్రం పంచడం, మైకు పట్టుకోవడం నిషిద్ధం. చర్చికి, మసీదుకు ఇదే వర్తిస్తుంది. దర్శనానికి వెళ్ళే రోజు కండువాలు కారులోనే వదిలి వెళ్ళమని చెప్పండి. మరచిపోయేది ఇక్కడే.

"ఆత్మీయ సమ్మేళనం" పేరుతో ఒక్కో కులానికి ఒక్కో సభ పెట్టడం మన దగ్గర మామూలైపోయింది. ఒక వృత్తివారి సమస్యలు వినడానికి కూర్చోవడంలో తప్పు లేదు. "మన వాడికి మనం వేసుకోవాలి" అన్న క్షణం అది చట్టం దాటుతుంది. 2017 జనవరి 2న అభిరామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, అభ్యర్థి కులమతాల పేరుతోనే కాదు ఓటరు కులమతాల పేరుతో అడిగినా అవినీతి చర్యేనని మెజారిటీ తీర్పు ఇచ్చింది. వేదిక మీద మాట్లాడేవారి జాబితా ముందే తయారు చేసి, ప్రతి ఒక్కరికీ ఈ సంగతి ఎక్కే ముందు గుర్తు చేయండి.

పసుపు నీళ్ళలో చేయి పెట్టించి, కొబ్బరికాయ మీద, పిల్లల తల మీద ప్రమాణం చేయించే అలవాటు ఇంకా ఉంది. మాట తప్పితే దేవుడి కోపానికి గురవుతారని ఓటరును నమ్మించడం చట్టం పేరు పెట్టి చెప్పిన నేరం. ప్రమాణం చేసి వచ్చి బాధపడుతున్నవారు కనబడితే, ఓటు రహస్యమని, బలవంతపు ప్రమాణానికి కట్టుబడనక్కర్లేదని నెమ్మదిగా చెప్పండి. మరో ప్రమాణం చేయించి దాన్ని విరగ్గొట్టాలని చూడకండి.

## 7. వలస ఓటర్లు, బస్సులు

మన జిల్లాల ఎన్నికల్లో అందరూ చేసి, ఎవరూ తప్పనుకోని తప్పు ఇది. హైదరాబాదులో భవన నిర్మాణంలో, చెన్నైలో, విశాఖలో, గుజరాత్‌లో వేరావల్ పడవల మీద మనవారు వేల సంఖ్యలో ఉన్నారు. పోలింగుకు రెండు రోజుల ముందు బస్సులు మాట్లాడి, దారిలో భోజనాలు పెట్టి తీసుకువస్తారు. ఓటర్లను పోలింగ్ కేంద్రానికి తీసుకెళ్ళడానికి, తిరిగి దింపడానికి వాహనం ఏర్పాటు చేయడం 123వ సెక్షన్‌లోని అవినీతి చర్య. ఓటు కోసం ప్రయాణ ఖర్చు ఇవ్వడం లంచం. ఊరి ఆటో అయినా, హైదరాబాదు బస్సు అయినా తేడా లేదు.

న్యాయంగా చేయగలిగినవి చాలానే ఉన్నాయి:

- షెడ్యూలు వచ్చిన రోజే ప్రతి వలస కుటుంబానికి ఫోను చేసి పోలింగ్ తేదీ చెప్పండి. రైలు టికెట్ వారే తీసుకుంటారు. వారం ఆలస్యమైతే హైదరాబాదు, చెన్నై రైళ్ళలో చోటు దొరకదు.
- జాబితాలో పేరుందో లేదో చూసి చెప్పండి. అక్కడా ఇక్కడా రెండు చోట్ల ఉంటే ఒకటే ఉంచుకోవాలని చెప్పండి. రెండు చోట్ల ఉండడం చట్టవిరుద్ధం.
- పోలింగ్ రోజు జీతంతో కూడిన సెలవు రోజుకూలీకి కూడా హక్కు. మేస్త్రీకి, యజమానికి చూపించుకోవడానికి ఆ నిబంధనను ఒక చిన్న కాగితం మీద తెలుగులో రాసి ఫోనులో పంపండి. నియోజకవర్గం బయట పనిచేస్తున్నా ఇది వర్తిస్తుంది.
- రాలేనివారిని నిందించకండి. నాలుగు రోజుల కూలి పోగొట్టుకోవడం చిన్న విషయం కాదు.

85 ఏళ్ళు దాటినవారు, 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నవారు ఇంటి నుంచే ఓటు వేయవచ్చు. దానికి గడువులోగా ఫారం 12డి ఇవ్వాలి. ఈ సంగతి చెప్పడానికి ఒక మనిషిని మొదటి వారంలోనే తిప్పండి, ఆటోలో మోసుకెళ్ళే అవసరం తగ్గుతుంది.

## 8. ఫోన్లలో

- గ్రూపుల్లో ఏదైనా పెట్టే ముందు ఇద్దరు చూడాలి. ఆ ఇద్దరిలో ఒకరు యాభై దాటినవారైతే మంచిది.
- కృత్రిమ మేధతో చేసిన బొమ్మ, గొంతు, వీడియో అయితే ఆ సంగతి దాని మీదే స్పష్టంగా రాయాలి. ప్రత్యర్థి గొంతును, ముఖాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ తయారు చేయకండి.
- మన వైపు నుంచి అబద్ధం వెళ్ళిందని తెలిస్తే తొలగించడంతో ఆపకండి. ఏ గ్రూపులో వెళ్ళిందో అదే గ్రూపులో "ఇది తప్పు, తొలగించాం" అని రాయండి. అలా రాస్తే పరువు పోతుందని అందరూ భయపడతారు. పోదు, చేసి చూశాను.

## 9. అవతలివారు తప్పు చేస్తుంటే

వాహనాన్ని మీరు ఆపకండి. సంచి లాక్కోకండి. ఇంట్లోకి చొరబడకండి. ఆ పని చేసే అధికారం ఫ్లయింగ్ స్క్వాడ్‌కు ఉంది, మీకు లేదు. తోపులాట జరిగితే డబ్బు సంగతి పక్కకు పోయి మీ మీద కేసు మిగులుతుంది.

ఎన్నికల సంఘం ఫిర్యాదుల కోసం పెట్టిన సీవిజిల్ యాప్‌లో ఫొటో గానీ, రెండు నిమిషాల లోపు వీడియో గానీ అక్కడికక్కడే తీసి పంపాలి. ఫోనులో దాచినది, ఎవరో పంపినది యాప్ తీసుకోదు. తీసిన ఐదు నిమిషాల్లో పంపాలి. స్థలం దానంతట అదే నమోదవుతుంది. పేరు చెప్పకుండా కూడా పంపవచ్చు. వంద నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది దాని లక్ష్యం. సిగ్నల్ అందని కొండ ఊళ్ళలో, అందే చోటికి వచ్చాక ఎన్నికల హెల్ప్‌లైన్ 1950కు ఫోను చేయండి.

ఫిర్యాదుల పుస్తకంలో సమయం, ఊరు, వీధి, చూసిన మనిషి, ఇచ్చిన ఫిర్యాదు సంఖ్య రాయించండి. ఎన్నిక తర్వాత హైకోర్టుకు వెళ్ళాలనుకుంటే ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా పిటిషన్ వేయాలి. అప్పుడు మిగిలేది ఆ పుస్తకమే. చూడనిదాన్ని చూసినట్టు ఒక్కటి రాసినా మిగతా తొంభై తొమ్మిది చెల్లవు.

## 10. చివరి 72 గంటలు

పోలింగ్‌కు మూడు రోజుల ముందు. పెద్ద సభలు ఈపాటికి అయిపోవాలి. "మేము డబ్బు ఇవ్వడం లేదు, మా తరఫున ఎవరైనా ఇస్తామంటే నమ్మకండి" అని అచ్చువేసిన చీటీ ప్రతి ఇంటికీ చేరాలి. ఇది ఓటరు కోసం మాత్రమే కాదు. అచ్చయి ఊరంతా పంచాక మీవారు వెనక్కి పోలేరు.

పోలింగ్‌కు రెండు రోజుల ముందు సాయంత్రం. పోలింగ్ ముగిసే సమయానికి సరిగ్గా 48 గంటల ముందు సభలు, ఊరేగింపులు, మైకులు ఆగిపోతాయి. నియోజకవర్గం ఓటరు కాని కార్యకర్తలు అప్పటికి వెళ్ళిపోవాలి. విశాఖ నుంచి సాయానికి వచ్చిన మేనల్లుడైనా సరే. గుంపు, మైకు లేకుండా ఇద్దరు ముగ్గురు ఇంటింటికీ వెళ్ళి మాట్లాడడాన్ని చట్టం ఆపదు, ఆ రోజు స్థానికంగా ఉన్న ఉత్తర్వులు మాత్రం చూసుకోండి. ఎన్నికల ఖాతాలో చెల్లించవలసిన బిల్లులకు సరిపడా మాత్రమే డబ్బు ఉంచండి.

ఆ రాత్రి. కబుర్లు వస్తాయి. ప్రతి కబురుకు మూడు ప్రశ్నలు: కళ్ళారా చూసింది ఎవరు? ఎన్ని గంటలకు? ఏ వీధిలో? సమాధానం ఉంటే ఫిర్యాదుల బాధ్యుడికి, లేకపోతే అక్కడితో ఆపేయండి. అభ్యర్థి ఫోను రాత్రి తొమ్మిది తర్వాత వేరొకరి చేతిలో ఉండాలి. అభ్యర్థి ఒంటరిగా ఉండకూడదు.

ఒక ఎన్నికలో ఆ రాత్రి పదకొండు గంటలకు మా అభ్యర్థి ఇంటి వసారాలో నలుగురు ఊరి మనుషులు కూర్చున్నారు. "ఊరికి లక్ష చాలు, లేకపోతే పోయినట్టే" అంటున్నారు. వారు దుర్మార్గులు కాదు. నెల రోజులు ఎండలో తిరిగినవారే, ఒకాయన కాళ్ళకు బొబ్బలు కూడా తగ్గలేదు. అభ్యర్థి తల్లి లోపలి నుంచి తువ్వాలులో చుట్టిన గొలుసు, రెండు జతల గాజులు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎవరూ మాట్లాడలేదు. నేను రిజిస్టరు సంచిలోంచి మొదటి రోజు కాగితం తీసి చదివాను. ఆ నలుగురిలో ముగ్గురి సంతకాలు, ఆ తల్లి వేలిముద్ర దాని మీద ఉన్నాయి. చివరి వాక్యం చదివాక ఆమె తువ్వాలు మళ్ళీ చుట్టి లోపలికి తీసుకెళ్ళింది. అభ్యర్థి ఓడిపోయారు. ఆ ఇంటి మీద ఒక్క రూపాయి అప్పు లేదు, గాజులు ఆమె చేతికే ఉన్నాయి.

ఆ రాత్రి అప్పు అడగగల చోట్లన్నీ ముందే మూసేయండి. వడ్డీకి ఇచ్చేవారి దగ్గరికి అభ్యర్థి తరఫున ఎవరూ వెళ్ళరని మొదటి కాగితంలోనే చేర్చుకోవచ్చు. నేను ఇప్పుడైతే చేరుస్తాను.

## 11. పోలింగ్ రోజు, ఆ తర్వాత

- మాక్ పోల్ (నమూనా పోలింగ్) అసలు పోలింగ్‌కు 90 నిమిషాల ముందు. కనీసం 50 ఓట్లు వేసి చూపిస్తారు. ఏజెంటు నిద్ర లేచి వెళ్ళకపోతే ఎవరినీ తప్పుపట్టలేం.
- పోలింగ్ కేంద్రానికి 100 మీటర్ల లోపు ప్రచారం లేదు. మీ శిబిరం కూడా ఆ 100 మీటర్ల అవతలే: ఒక బల్ల, రెండు కుర్చీలు. అక్కడ ఇచ్చే ఓటరు చీటీ తెల్ల కాగితం మీద ఉండాలి. గుర్తు, అభ్యర్థి పేరు, పార్టీ పేరు ఉండకూడదు.
- అభ్యర్థికి ఒక వాహనం, ఎన్నికల ఏజెంటుకు ఒకటి, కార్యకర్తలకు ఒకటి. అంతే.
- సాయంత్రం ప్రతి కేంద్రంలో పోలైన ఓట్ల లెక్క ఉండే ఫారం 17సి నకలు ఏజెంటు తీసుకురావాలి. లెక్కింపు రోజు అది లేకుండా ప్రశ్న అడగలేరు.

ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా ఖర్చుల లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. గెలిచినవారికీ, ధరావతు కోల్పోయినవారికీ ఇదే గడువు. ఇవ్వకపోతే మూడేళ్ళ వరకు పోటీకి అనర్హులయ్యే ప్రమాదం ఉంది. ఓడిపోయినవారు ఎక్కువగా ఇక్కడే తప్పుతారు. మనసు బాగోక రిజిస్టరు ఎక్కడో పడేస్తారు. లెక్కింపు మరునాడే ఖజానా మనిషి బిల్లులన్నీ ఒకచోట చేర్చి కూర్చోవాలి.

అప్పజెప్పి రశీదు తీసుకోండి. ఫ్లెక్సీలు, జెండాలు మీరే విప్పించండి. గోడ ఇచ్చినవారి ఇంటికి వెళ్ళి సున్నం వేయించండి. చివరగా ఊరూరా దుకాణాలకు వెళ్ళి, నోటు పుస్తకాల్లో మీ పేరున్న పేజీ మీద అడ్డంగా గీత గీయించి, "చెల్లు" అని వారి చేత్తో రాయించుకోండి.